పేరు అపస్వరం, లెక్క సుస్వరం

ఈ ప్రసంగంలో మీకు ఒక చిన్న రికార్డుల కంపెనీ చరిత్ర చెప్పబోతున్నాను. అది మన కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో పుట్టింది కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, 1980 డిసెంబరులో, ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రవాళ్ళు పెట్టిన కంపెనీ. పేరు డిస్కార్డ్ రికార్డ్స్. వాళ్ళు అచ్చువేసి అమ్మిన సంగీతాన్ని పంక్ రాక్ అంటారు. ఆ సంగీతం మీలో చాలామంది విని ఉండరు. విన్నా మెచ్చకపోవచ్చు. "అంత దూరపు గోల మనకెందుకండీ?" అని మీరు అడిగితే తప్పు పట్టను.

ఎందుకో చెబుతాను. పాట పాడినవాడికి ఆ పాట మీద హక్కు ఎంత, వచ్చిన డబ్బులో వాటా ఎంత, ఆ లెక్క రాయవలసినది ఎవరు? ఈ ప్రశ్న వాషింగ్టన్‌లో ఎంత గట్టిదో మన కరిసల్ నేలలో, ఈ నల్లరేగడి పల్లెల్లో, అంతే గట్టిది. దేవరాట్టానికి దేవదుందుభి మోగించే మన కంబళత్తు నాయకర్ల బృందాలకు, తిరునాళ్ళలో రాత్రంతా వాయించే నయ్యాండి మేళగాళ్ళకు, విల్లుపాట వాళ్ళకు ఇది కూటి ప్రశ్న. ఈ ప్రశ్నకు నలభై ఏళ్ళకు పైగా మాట తప్పకుండా జవాబు చెబుతూ వచ్చిన కంపెనీ గనుకనే డిస్కార్డ్ కథ మనం వినదగినది.

ముందు మనకు తెలిసిన చోటి నుంచి మొదలుపెడదాం. కోవిల్‌పట్టి పక్కనే ఎట్టయపురం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసిన ఊరు అది. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు ఆ ఊళ్ళోనే ఉండి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథం రాశారు. చిన్నస్వామి మొదలియారుగారి ప్రోద్బలం, ఎట్టయపురం సంస్థానాధీశుల ఆదరణ ఆ పుస్తకానికి అండ. 1904లో అది వెలువడింది. ఎక్కడ అచ్చయిందనుకుంటున్నారు? మద్రాసులో కాదు, కలకత్తాలో కాదు. ఎట్టయపురంలోనే, విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో, తెలుగు లిపిలో. స్వరాల పైన, కింద గమకాల గుర్తులతో సహా అచ్చువేశారు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు రెండు వందలకు పైగా అందులో ఉన్నాయి. ఈనాటికీ దేశమంతటా విద్వాంసులు ఆ పుస్తకాన్ని ప్రమాణంగా చూస్తారు. సంగీతం తెలిసినవాళ్ళు, తమ ఊళ్ళోనే, తమ చేతుల మీదుగా సంగీతాన్ని ప్రచురించడం మనకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

అయితే అచ్చుయంత్రం వేరు, ధ్వనిని పట్టే యంత్రం వేరు. అచ్చుయంత్రం ఎట్టయపురం చేరింది గాని రికార్డులు తయారుచేసే యంత్రం పల్లెటూళ్ళకు చేరలేదు. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టింది. మన దేశంలో చాలాకాలం రికార్డంటే ఆ కంపెనీదే, కుక్క బొమ్మదే. పాట పాడేది మనవాళ్ళు. పట్టేది, ముద్రించేది, అమ్మేది, ధర కట్టేది కంపెనీ. అమెరికాలో, ఇంగ్లండులో కూడా పరిస్థితి దాదాపు ఇదే. నాలుగైదు పెద్ద కంపెనీల గుమ్మం దాటితే తప్ప గాయకుడి గొంతు రికార్డు మీదికి ఎక్కేది కాదు.

రికార్డు ఎలా తయారవుతుందో నాలుగు మాటల్లో చెబుతాను. తక్కిన కథకు ఇది అవసరం. ముందు స్టూడియోలో పాటను టేపు మీద పట్టుకుంటారు. ఆ టేపును వినిపిస్తూ, లక్క పూసిన పళ్ళెం మీద సన్నని మొనతో చుట్లు చుట్లుగా గాడి చెక్కుతారు. ఆ పళ్ళేనికి లోహపు పూత పోసి, పూతను ఒలిచి తీస్తే గాడికి తిరగబడిన అచ్చు వస్తుంది. అటువంటి అచ్చులు రెండు, పైవైపుకు ఒకటి, కిందివైపుకు ఒకటి తీసుకొని, మధ్యలో వేడిచేసిన ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు తయారు. మధ్యలో గుండ్రటి కాగితం ఉంటుంది చూశారూ, దాన్ని లేబుల్ అంటారు. కంపెనీ పేరు దాని మీద ఉంటుంది గనుక, రికార్డుల కంపెనీనే లేబుల్ అని పిలవడం అలవాటయింది. శివకాశిలో అగ్గిపెట్టెల మీది లేబుళ్ళు చూసి పెరిగిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇందులో కిటుకు ఒకటుంది. యంత్రం సొంతం కానక్కరలేదు. వడ్లు పట్టుకెళ్ళి మిల్లులో ఆడించుకున్నట్టు, టేపు పట్టుకెళ్ళి ఫ్యాక్టరీలో రికార్డులు నొక్కించుకోవచ్చు. వెయ్యి కాపీలకు కూలి కట్టితే వెయ్యి కాపీలు ఇస్తారు. ఈ సంగతి అందరికీ తెలిసేలా చేసినవాళ్ళు పంక్ రాక్ కుర్రవాళ్ళు.

1970ల మధ్యలో న్యూయార్కులోను, తరవాత లండన్‌లోను పుట్టిన సంగీతం పంక్ రాక్. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, ఒక గొంతు. మూడు స్వరమేళనాలు వస్తే చాలు, పాట కట్టేయవచ్చు. పాట నిడివి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఒక్క నిమిషం. వేగం ఎక్కువ, కోపం ఎక్కువ, నగిషీ తక్కువ. పెద్ద కంపెనీలు వీళ్ళలో కొందరినే దగ్గరికి తీశాయి. మాంచెస్టర్ నగరంలో బజ్‌కాక్స్ అనే బృందం ఆ పిలుపు కోసం ఎదురుచూడలేదు. తెలిసినవాళ్ళ దగ్గర సుమారు 500 పౌన్లు అప్పు చేసి, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు తామే నొక్కించుకున్నారు. మొదట వెయ్యి కాపీలు. అవి అమ్ముడుపోయాయి, మళ్ళీ మళ్ళీ వేయవలసి వచ్చింది. అది చూసి ఊరూరా కుర్రవాళ్ళు "మనమూ చేయవచ్చునే" అనుకున్నారు.

ఆ గాలి వాషింగ్టన్‌కూ వీచింది. అక్కడ ఒక హైస్కూలు పిల్లలు టీన్ ఐడిల్స్ అనే బృందం కట్టారు. ఇయన్ మెకై బేస్ గిటారు, జెఫ్ నెల్సన్ డ్రమ్ములు, జార్డీ గ్రిండల్ గిటారు, నేథన్ స్ట్రెజ్‌చెక్ పాట. ఏడాదిపాటు చిన్నచిన్న కచేరీలు చేశారు. వచ్చిన డబ్బులో ఎవరూ పైసా తీసుకోలేదు. అంతా ఒక చుట్టల పెట్టెలో దాచారు. 1980 చివర బృందం విడిపోయేనాటికి ఆ పెట్టెలో సుమారు 600 డాలర్లు ఉన్నాయి. నలుగురూ పంచుకుంటే మనిషికి నూటయాభై వస్తుంది. వాళ్ళు పంచుకోలేదు. అప్పటికే పట్టి ఉంచిన పాటలతో రికార్డు వేద్దామని నిశ్చయించారు.

ఆ పాటలను పట్టినది డాన్ జెంటారా. వాషింగ్టన్‌కు నది అవతల, ఆర్లింగ్టన్‌లో ఆయన తన ఇంట్లోనే ఇన్నర్ ఇయర్ అనే చిన్న స్టూడియో నడిపేవాడు. రికార్డు ఎక్కడ నొక్కించాలి, ఎలా నొక్కించాలి అన్నది చెప్పినవాడు స్కిప్ గ్రాఫ్ అనే రికార్డుల దుకాణదారు. తెలిసినవాడు తెలియనివాడికి దారి చెప్పాడు, అంతే. 1980 డిసెంబరులో వెయ్యి కాపీలు వచ్చాయి. ఏడంగుళాల చిన్న రికార్డు. అందులో ఎనిమిది పాటలు పట్టాయంటే ఒక్కో పాట ఎంత పొట్టిదో మీరే ఊహించుకోండి.

కంపెనీకి పేరు కావాలి గదా. ఇంగ్లీషులో డిస్కార్డ్ అంటే అపశ్రుతి, పొంతన కుదరకపోవడం. ఆ మాట మధ్యలో ఒక అక్షరం చేర్చి, స్వరమేళనం అనే అర్థం వచ్చే ఇంకో మాటను అందులో ఇరికించారు. తమ సంగీతాన్ని పెద్దలు ఏమని తిట్టబోతున్నారో ముందే తెలుసుకొని, ఆ తిట్టునే బోర్డు మీద రాసుకున్నారన్నమాట.

ఇక్కడ మనవాళ్ళకు బాగా అర్థమయ్యే ముచ్చట ఒకటుంది. రికార్డులు వచ్చాయి గాని వాటికి అట్ట కవర్లు లేవు. కవరు చేయించడానికి డబ్బు చాలదు. అప్పుడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రికార్డు కవరును జాగ్రత్తగా విప్పి, బల్ల మీద పరిచి, ఎక్కడ మడత, ఎక్కడ జిగురు అని చూసుకున్నారు. అదే కొలతకు కాగితం అచ్చువేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించారు. స్నేహితులు వచ్చి కూర్చునేవారు. తరవాతి రికార్డులకూ ఇదే పని. వేలకొద్దీ కవర్లు ఇలా చేతిమీద తయారయ్యాయి. కోవిల్‌పట్టి, సాత్తూర్, శివకాశి పల్లెల్లో ఇంటి అరుగు మీద కూర్చొని అగ్గిపెట్టెలు మడిచి అతికించి, గ్రోసుల లెక్కన అప్పజెప్పిన అక్కలకు, అవ్వలకు ఈ పని ఎంత నడుం నొప్పో నేను చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే. వాషింగ్టన్ కుర్రవాళ్ళు మడిచిన కవరు, అందులోని రికార్డు, దాని మీద వచ్చే డబ్బు, అన్నీ వాళ్ళవే. మన అక్కలకు మడత కూలి మాత్రమే దక్కింది.

ఆ మొదటి రికార్డు కవరు మీద బొమ్మ ఏమిటంటే, ఒకదాని మీద ఒకటి వేసి పట్టుకున్న రెండు చేతులు, వాటి మీద పెద్ద ఇంటూ గుర్తులు. దానికీ కథ ఉంది. అమెరికాలో కచేరీలు ఎక్కువగా సారా అమ్మే చోట్ల జరుగుతాయి. చిన్నవాళ్ళను లోపలికి రానివ్వరు. ఈ కుర్రవాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు అక్కడి యజమాని చిన్నవాళ్ళ చేతుల మీద ఇంటూ గుర్తు వేసి, వాళ్ళకు మందు పోయవద్దని చెప్పి లోపలికి పంపాడు. ఆ పద్ధతి వీళ్ళు తమ ఊరికి తెచ్చారు. ఇయన్ మెకై తరవాతి బృందం మైనర్ థ్రెట్. తాగుడు వద్దు, పొగ వద్దు, మత్తు వద్దు అని ఆ బృందం 1981లో కట్టిన ఒక పాట పేరుతో ఒక చిన్న ఉద్యమమే బయలుదేరింది. పంక్ అంటే తాగి తందనాలాడటమే అనుకున్నవాళ్ళు ఆశ్చర్యపోయారు.

మొదటి రికార్డు అమ్మిన డబ్బు ఏం చేశారు? ఇంకో బృందం రికార్డుకు పెట్టారు. ఆ డబ్బు వచ్చాక మరొక బృందానికి. 1982లో ఆ ఊరి 11 బృందాల పాటలు 32 కలిపి ఒకే పెద్ద రికార్డుగా వేశారు. ఆర్లింగ్టన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కింద సాధన, పైన నిద్ర, ఒక గదిలో ఉత్తరాల కట్టలు, రికార్డుల పెట్టెలు. అదే ఆఫీసు. ఉద్యోగాలు బయట చేసుకుంటూ, మిగిలిన పొద్దు కంపెనీకి ఇచ్చేవారు.

రికార్డులు బాగా అమ్ముడుపోవడం మొదలయ్యాక అసలు చిక్కు వచ్చిపడింది. ఇది విరుదునగర్ వర్తకులకు వెంటనే తెలిసే చిక్కు. నూనె, పప్పు, మిరప సరుకు టోకు వ్యాపారికి పంపితే డబ్బు చేతికి వచ్చేది ఎప్పుడు? రెండు నెలలకో, మూడు నెలలకో. కొన్నవాడికి మాత్రం ముందే డబ్బు ఇచ్చుకోవాలి. బేరం పెరిగినకొద్దీ మధ్యలో చిక్కుకునే డబ్బు కూడా పెరుగుతుంది. డిస్కార్డ్‌కు జరిగింది సరిగ్గా ఇదే. ఫ్యాక్టరీ ముందు డబ్బు కట్టమంటుంది. దుకాణాలు, పంపిణీదారులు తరవాత ఇస్తామంటారు. మైనర్ థ్రెట్ రికార్డులకు గిరాకీ పెరిగితే సంతోషించవలసింది పోయి, మళ్ళీ నొక్కించడానికి చేతిలో కాసు లేని పరిస్థితి. అమ్మకం లేక కంపెనీలు మూతపడటం అందరికీ తెలిసిందే. అమ్మకం ఎక్కువై మూతపడే కంపెనీలు కూడా ఉంటాయి.

అప్పుడు లండన్‌లో సదరన్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ చేయి అందించాడు. రికార్డులు నొక్కించే ఖర్చు ముందు ఆయన పెట్టుకునే ఏర్పాటు కుదిరింది. సరుకు పంపిణీ కూడా ఆయనదే. ఖర్చు పోను మిగిలినది డిస్కార్డ్‌కు. ఏ పాటలు వేయాలి, ఎవరివి వేయాలి, ఎంతకు అమ్మాలి అన్నది మాత్రం డిస్కార్డ్ ఇష్టం. ఆ అధికారం చేజారకుండా పెట్టుబడి చిక్కు తీరింది.

ఇక వాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు చెబుతాను. చాలా కొద్దివి.

మొదటిది, తమ ఊరి బృందాలవే వేయాలి. దేశంలో ఎక్కడెక్కడి నుంచో టేపులు వచ్చేవి. మర్యాదగా కాదనేవారు. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అని మనం అంటాం. వీళ్ళు ఇంటి వరకే చాలన్నారు.

రెండోది, రాతకోతల ఒప్పందాలు లేవు. బృందం ఉండాలంటే ఉండవచ్చు, పోవాలంటే పోవచ్చు. ఖర్చులు తీసివేసి మిగిలినది కంపెనీకి సగం, బృందానికి సగం.

మూడోది, ధర తక్కువ. టపా ఖర్చుతో సహా ఎంతకు పంపుతారో రికార్డు కవరు మీదనే అచ్చువేసేవారు. మధ్యలో ఎవడైనా ఎక్కువ అడిగితే కొనేవాడికి అసలు ధర తెలియాలని.

మైనర్ థ్రెట్ 1983లో విడిపోయింది. 1987లో ఇయన్ మెకై మరికొందరితో కలిసి ఫ్యుగాజీ అనే బృందం మొదలుపెట్టాడు. ఈ బృందం కచేరీ టికెట్టు సాధారణంగా 5 డాలర్లు. ఏ వయసువాళ్ళయినా రావచ్చు. బృందం పేరు వేసిన చొక్కాలు అమ్మలేదు. ఇంత కట్టుబాటుతో ఉన్నా ప్రపంచమంతా తిరిగారు, రికార్డులు విస్తారంగా అమ్ముడుపోయాయి. ఆ అమ్మకమే తక్కిన చిన్న బృందాల రికార్డులకు ఆధారమయింది. ఊళ్ళో ఒక పెద్ద చెరువు నిండితే కింది కుంటలకు నీరు చేరినట్టు.

1991లో నిర్వాణా అనే బృందం రికార్డు లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. దానితో పెద్ద కంపెనీల కన్ను ఈ చిన్న కంపెనీల బృందాల మీద పడింది. ఎవరిని చూస్తే వాళ్ళకు పెద్ద మొత్తాలు ఎర చూపారు. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి ఫ్యుగాజీని తమవైపు రమ్మన్నాడు. వాళ్ళు కాదన్నారు. కానీ అందరూ కాదనలేదు. డిస్కార్డ్‌లో ఉన్న జాబాక్స్ అట్లాంటిక్‌కు, షడ్డర్ టు థింక్ ఎపిక్‌కు వెళ్ళాయి. 1994లో ఆ కంపెనీలలో వాళ్ళ రికార్డులు వచ్చాయి. డిస్కార్డ్ అడ్డుపడలేదు. అడ్డుపడటానికి కాగితమే లేదు గదా. ఈ కథకు కొసమెరుపు ఏమిటంటే, జాబాక్స్ పెద్ద కంపెనీలో వేసిన రికార్డు కొన్నేళ్ళకు అంగళ్ళలో దొరకకుండా పోయింది. 2009లో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినది జాబాక్స్ వాళ్ళ సొంత చిన్న కంపెనీ డిసోటో, దానితో కలిసి మన డిస్కార్డ్. తలుపు వేయకుండా సాగనంపిన ఇంటికి మనిషి తిరిగి రావడం తేలిక.

ఇప్పుడు ఇంకో కంపెనీ సంగతి చెప్పాలి. లేకపోతే ఈ కథ పొగడ్తగా మిగులుతుంది. కాలిఫోర్నియాలో 1987లో లుక్‌అవుట్ రికార్డ్స్ అని ఒకటి పుట్టింది. వాళ్ళూ పంక్ వాళ్ళే, వాళ్ళవీ స్నేహాల మీద నడిచిన ఏర్పాట్లే. గ్రీన్ డే అనే బృందం మొదటి రికార్డులు వేసింది వాళ్ళే. 1994లో గ్రీన్ డే పెద్ద కంపెనీకి వెళ్ళి ప్రపంచప్రసిద్ధి పొందాక, పాత రికార్డులకు కూడా గిరాకీ వచ్చి లుక్‌అవుట్ ఇంట లక్ష్మి నాట్యమాడింది. ఖర్చు పెరిగింది. కొత్త రికార్డులు, ప్రచారం, ఉద్యోగులు. స్థాపకులలో ఒకడైన లారెన్స్ లివర్‌మోర్ 1997లో తప్పుకున్నాడు. తరవాతి ఏళ్ళలో బృందాలకు చేరవలసిన వాటా డబ్బు సరిగా చేరలేదు. ఒక్కొక్క బృందమే తమ పాటలు వెనక్కు తీసుకుంది. 2005లో గ్రీన్ డే కూడా తీసుకుంది. మూలస్తంభం పోయాక ఇల్లు నిలవదు. 2012లో కంపెనీ మూతపడింది.

ఈ రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ మంచి ఉద్దేశంతో పుట్టినవే. రెంటికీ ఒక్కొక్క పెద్ద బృందం అండగా ఉంది. మరి ఒకటి నిలిచింది, ఒకటి ఎందుకు కూలింది? నాకు తోచినది చెబుతాను. డిస్కార్డ్ రాబడిని చూసి ఖర్చు పెంచలేదు. బృందానికి చెందిన సగాన్ని తన డబ్బు అనుకోలేదు. లుక్‌అవుట్ వాళ్ళు పెరిగిన రాబడి ఎప్పటికీ ఉంటుందనుకొని ఖర్చు పెంచారు, చివరికి పాడినవాళ్ళకు ఇవ్వవలసిన సొమ్ముకు కొరత వచ్చింది. రికార్డుల కంపెనీ పెట్టెలో ఉన్న డబ్బంతా కంపెనీది కాదు. అందులో సగం పరాయి సొమ్ము. ఆ ఎరుక ఉన్నంతకాలమే కంపెనీ.

డిస్కార్డ్ వాళ్ళ విషయంలో ఒక నిజం మరచిపోకూడదు. వాళ్ళు చదువుకున్న కుటుంబాల పిల్లలు. ఇయన్ మెకై తండ్రి పేరున్న పత్రికలో పనిచేసిన పాత్రికేయుడు. కంపెనీ ఉత్తరాలకు మొదట తల్లిదండ్రుల ఇంటి చిరునామాయే ఇచ్చుకున్నారు. ఆ 600 డాలర్లు పోయినా ఆ పూట అన్నం మానవలసిన పని లేదు. మన నయ్యాండి మేళగాడికి ఆ వీలు లేదు. కచేరీ డబ్బు పెట్టెలో దాచితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుచేత వాళ్ళు చేసినట్టే మనమూ చేయాలని నేను చెప్పను. మనకు పనికివచ్చే ముక్క ఏరుకుందాం.

మన దగ్గర క్యాసెట్లు వచ్చాక ధ్వనిని పట్టడం చవక అయింది. ఊరి పాటలు, గుడి పాటలు, మేళాలు టేపుల మీద వచ్చాయి. తిరునాళ్ళలో అంగళ్ళు పెట్టి అమ్మారు. చాలాచోట్ల జరిగిన బేరం ఏమిటంటే, ఒక్కరోజు పాడించుకొని, ఒక్కసారి ఇంత అని చేతిలో పెట్టి పంపడం. వంద క్యాసెట్లు అమ్మినా, పదివేలు అమ్మినా పాడినవాడికి తెలియదు. తరవాత కాంపాక్ట్ డిస్కు వచ్చింది, ఇప్పుడు ఫోను వచ్చింది. ఎవరో వచ్చి గుడి ముందు దేవరాట్టం ఫోనులో పట్టుకొని పోతారు. అది ఎక్కడెక్కడ మోగుతుందో, దాని మీద ఎవరికి ఏం వస్తుందో దుందుభి మోగించినవాడికి తెలియదు. యంత్రం మారింది గాని లెక్క చూపని అలవాటు మారలేదు.

చట్టం మాత్రం కొంత మారింది. అది మీకు తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవారికి, వాయించేవారికి, ఆడేవారికి ప్రదర్శకుల హక్కు అని ఒకటి వచ్చింది. మీ అనుమతి లేకుండా మీ ప్రదర్శనను పట్టుకొని అమ్ముకోకూడదు. ఈ హక్కు ఇప్పుడు యాభై ఏళ్ళు ఉంటుంది. పాట తాతల నాటిది కావచ్చు, రాసినవాడి పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. అయినా ఆ రోజు పాడిన గొంతు మీది. ఆ గొంతు మీద హక్కు మీది. 2012లో చేసిన సవరణ పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాబడిలో వాటాను గట్టిపరచింది. ప్రదర్శకులకు కూడా, వ్యాపారానికి వాడుకున్నప్పుడు వాటా ఉందని చెప్పింది.

చట్టం ఉంటే సరిపోదు, అడగడం తెలియాలి. మీ బృందం పాటలు పట్టుకుంటామని ఎవరైనా వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. పట్టిన తరవాత అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది? ఎక్కడెక్కడ వినిపిస్తారు, ఎంతకు అమ్ముతారు? ఖర్చులు పోను వచ్చినదాంట్లో మా వాటా ఎంత? ఆ లెక్క ఏడాదికి ఒకసారైనా మాకు చూపుతారా? ఈ నాలుగింటికి జవాబులు కాగితం మీద రాయించుకోండి. డిస్కార్డ్ వాళ్ళకు కాగితం లేదు గదా అని మీరు అనవచ్చు. వాళ్ళది ఒకే ఊరు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు సాయంత్రం ఒకే కచేరీలో పక్కపక్కన నిలబడేవారు. లెక్క తప్పితే ముఖం చెల్లదు. పరాయి ఊరి నుంచి వచ్చినవాడి దగ్గర ఆ సిగ్గు పనిచేయదు. అక్కడ కాగితమే పనిచేస్తుంది.

మీరే సొంతంగా పాటలు విడుదల చేసుకోదలిస్తే ఈనాడు ఫ్యాక్టరీ అక్కరలేదు, అట్టలు మడవక్కరలేదు. కావలసింది ఒక నోటు పుస్తకం. బృందంలో ఎవరు వాయించారు, ఎవరు పాడారు, ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం. ఈ అయిదు గడులు గీసి, అందరి ఎదుట రాయండి. పదేళ్ళ తరవాత బృందం విడిపోయినా ఆ పుస్తకం మిమ్మల్ని కలిపి ఉంచుతుంది.

ఫ్యుగాజీ 2002 తరవాత కచేరీలు ఆపింది. అప్పటికి వాళ్ళు చేసిన కచేరీలు సుమారు వెయ్యి. అందులో ఎనిమిది వందలకు పైగా టేపుల మీద పట్టి దాచుకున్నారు. 2011 చివరి నుంచి ఒక్కొక్కటే ఇంటర్నెట్టులో పెట్టారు. ధర ఎంతో తెలుసా? 5 డాలర్లు, నాడు గుమ్మం దగ్గర టికెట్టుకు తీసుకున్నంతే. ఇష్టమైతే తక్కువైనా ఎక్కువైనా ఇవ్వవచ్చన్నారు. డాన్ జెంటారా స్టూడియో తరవాతి కాలంలో ఉన్న కట్టడం 2021లో మూతపడింది. దారి చూపిన స్కిప్ గ్రాఫ్ 2019లో, పెట్టుబడి చిక్కు తీర్చిన జాన్ లోడర్ 2005లో పోయారు. డిస్కార్డ్ మాత్రం ఉంది. పెద్దది కాలేదు. కావాలని అనుకోనూ లేదు.

మన పక్క ఊరు ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ పల్లె కథలను ఊరూరా తిరిగి సేకరించి అచ్చులోకి తెచ్చారు. తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళంలో రాసి, ఈ నేల కథ ఈ నేలదేనని లోకానికి చెప్పారు. కథలకు జరిగిన ఆ మేలు పాటలకు కూడా జరగాలి. కథ ఎవరు చెప్పారో రాసుకున్నట్టే పాట ఎవరు పాడారో రాసుకోవాలి. దాని పక్కనే, వారికి ఎంత ముట్టిందో కూడా రాసుకోవాలి.

వచ్చే తిరునాళ్ళలో మేళం విన్నప్పుడు వాయించేవారి పేరు అడిగి తెలుసుకోండి. ఎవరైనా ఫోను ఎత్తి పట్టుకుంటూ ఉంటే, "వాళ్ళను అడిగారా నాయనా?" అని ఒక్క మాట అనండి. ఆ మాట మనలో ఎవరైనా అనవచ్చు.